పాండురంగయ్య పిట్ట

జూలై 17, గురువారం

నా బొమ్మ నాకే కనిపించట్లేదు.

కాలేజీకి బయల్దేరే ముందు ఒక్కసారి చూసుకుందామని యాప్ తెరిచాను. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా. దాని కింద చిన్న అక్షరాలు: చట్టపరమైన అభ్యర్థన వచ్చినందువల్ల ఈ పోస్టు మీ దేశంలో అందుబాటులో లేదు. మీ దేశంలో అట! భవానీపురంలో మా మధ్యగదిలో కూర్చుని, అమ్మ వేసే తాలింపుకి తుమ్ముతూ వేసిన బొమ్మ అది. ఇంకే దేశం కోసం వేస్తాను?

బస్సులో మళ్ళీ మళ్ళీ తెరిచాను. డబ్బా. కెమిస్ట్రీ క్లాసులో బెంచీ కింద తెరిచాను. డబ్బా.

ఇక ఫోన్లో ఏమీ రాయను. పాత ల్యాబ్ రికార్డులో మిగిలిన పేజీల్లో రాస్తాను. ఇంగ్లీషులో రాస్తే క్లాసులో ఎవరైనా చదివేస్తారు. నా తెలుగు చేతిరాత నాకే సరిగ్గా అర్థం కాదు. దానికన్నా మంచి తాళం ఏముంది.

జూలై 18, శుక్రవారం

ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడే మొత్తం చెప్పుకుంటాను.

మా పై వాటాలో ఇంటి ఓనరు సంపూర్ణమ్మగారు ఉంటారు. పోయిన నెల ఒక సాయంత్రం మెట్ల మీద కూలబడిపోయారు. మూతి ఒక పక్కకి జారిపోయింది. అమ్మా నేనూ ఆటో ఎక్కించాం. ఆస్పత్రికి మెయిన్ రోడ్డు మీంచి సందులోకి తిరగాలి. ఆ మలుపు దగ్గర ఎమర్జెన్సీ అని ఎర్ర బాణం బోర్డు ఉంటుంది. ఆ రోజు లేదు. అంటే ఉంది, కానీ దాని ముందు పెద్దన్న పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. పెద్దన్న మా ఏరియా లీడరు. ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. దండం పెడుతూ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ రెండంతస్తుల ఎత్తున నిలబడ్డాడు. కింద వరసగా అభిమానుల మొహాలు, పాస్‌పోర్ట్ ఫొటోల్లాగా.

ఆటో అతను మలుపు దాటిపోయాడు. డివైడరు. ముందుకెళ్ళి తిరిగి రావాలి. తిరిగొచ్చి మళ్ళీ దాటిపోయాడు. "బాబూ ఇక్కడే ఎక్కడో ఉండాలి బాబూ" అని అమ్మ ఏడుస్తోంది. సంపూర్ణమ్మగారి తల నా ఒళ్ళో ఉంది. ఆవిడ చొంగ నా చున్నీ మీద.

బతికారు. కాస్త ముందు తెచ్చుంటే మాట దక్కేదని డాక్టరు అన్నాడు. నన్ను చూస్తే "రా" అంటారు. అక్కడే ఆగిపోతుంది. రాజ్యశ్రీ అనడానికి ఆవిడ పడే కష్టం చూడలేక నేను పైకి వెళ్ళడం మానేశాను.

దాన్నే బొమ్మ వేశాను. నా బొమ్మలన్నీ చీరలే. మా నాన్న దుర్గాశంకర్ చీరల అంచులకి డిజైన్లు గీస్తాడు. ఉయ్యూరు అవతల మా ఊళ్ళో తాతయ్య మగ్గం మీదా ఇంకొన్ని మగ్గాల మీదా నేయించి వన్‌టౌన్ షాపులకి వేస్తాడు. నాన్న గళ్ళ కాగితం మీద నేను అఆల కన్నా ముందు గడులు నింపడం నేర్చుకున్నాను. ఇప్పుడు అవే గడులు ఫోన్లో నింపుతాను. ఈ చీరలో కొంగంతా ఫ్లెక్సీ. పెద్దన్న పళ్ళికిలిస్తుంటాడు. కింద అభిమానుల మొహాల బదులు మామిడి పిందెలు, ఒక్కో పిందెకీ మీసాలు, కూలింగ్ గ్లాసులు. ఫ్లెక్సీ వెనకనించి ఎర్ర బాణం కొస ఒక్క గడి మాత్రం బయటికి కనిపిస్తుంది. చీరంతా బుటాలు. ప్రతి బుటా ఒకటే ఆటో, దారి వెతుక్కుంటూ.

చాలా బాగా వచ్చింది. నేనే అనకూడదు కానీ వచ్చింది.

అకౌంటు పేరు నీలిగడి. మొహం లేదు, ఊరు లేదు, ఈమెయిలు కూడా వేరేది. నేనని ఎవరికీ తెలీదు. ఎవరికీ.

జూలై 19, శనివారం

నాగలక్ష్మి కొరియన్ సీరియల్స్ కోసం వాడే వీపీఎన్ ఒకటి ఉంది. అది వేసుకుంటే నా ఫోను నెదర్లాండ్స్‌లో ఉన్నట్టు యాప్ నమ్ముతుంది. నెదర్లాండ్స్ నుంచి నా బొమ్మ బ్రహ్మాండంగా కనిపిస్తోంది.

వేల లైకులు. కామెంట్లు చదివాను. ఈయన మీ రాజా అని ఒకరు. పళ్ళ డాక్టరు ప్రకటనా అని ఒకరు. పసుపు రంగు పురుగులు ముద్దుగా ఉన్నాయట. అవి పురుగులు కాదు, ఆటోలు! బ్రెజిల్ ఆవిడెవరో అంచులో పిట్ట చాలా బావుందని మూడు గుండెలు పెట్టింది.

చూడగలిగిన వాళ్ళకి ఫ్లెక్సీ అంటే ఏంటో తెలీదు. తెలిసిన వాళ్ళు చూడలేరు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. నాన్న కొనిచ్చింది.

జూలై 21, సోమవారం

లంచ్‌లో నాగలక్ష్మి టిఫిన్ బాక్సు తెరవకుండా ఫోను నా మొహం మీద పెట్టింది. దానిది బందరు వైపు, వాళ్ళ నాన్న చేపల వ్యాపారం. దాని డబ్బాలో రోజూ ఏదో ఒక చేప ఉంటుంది, నాకు సగం పెడుతుంది.

"చూడవే ఇది! మా బాబాయ్ గ్రూపులో వచ్చింది. ఎవడేశాడో గానీ పెద్దన్న పళ్ళు చూడు, తోమినోడికి దణ్ణం పెట్టాలి!"

నా బొమ్మ. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. పైన అవతలి పార్టీ గుర్తు అతికించి, ఇలాంటోళ్ళనా మీరు గెలిపించింది అని రాశారు. సంపూర్ణమ్మగారు ఏ పార్టీ? ఆటో ఏ పార్టీ?

"బావుంది," అన్నాను.

"బావుంది అంటావేంటే దెయ్యం, నవ్వవే! ఈ పిందెకి మీసాలు చూడు. ఇదేంటే కింద, బాతా?"

"హంస."

"బాతే. మా చెరువుల దగ్గర ఇలాగే వెనక్కి తిరిగి చూస్తాయి, మనం రాయేస్తామేమోనని."

నేనే వేశానని నాలుక చివరిదాకా వచ్చింది. చేప ముక్క మింగేశాను. ముల్లు గుచ్చుకుంది.

జూలై 22

మెయిలొచ్చింది. నా అకౌంటు గురించి లీగల్ రిక్వెస్ట్ అందిందట. అవసరమైతే వివరాలు ఇవ్వాల్సి రావచ్చట.

జూలై 23

ఏం కాదు.

జూలై 24

ఏం కాదు. వాళ్ళ దగ్గరున్న వివరాలేంటి? దొంగ పేరు, దొంగ ఈమెయిలు, నెదర్లాండ్స్. ఏం కాదు.

జూలై 27, ఆదివారం

వెంకటసుబ్బారావు అంకుల్ వచ్చాడు. వన్‌టౌన్‌లో చీరల కొట్టు ఆయనది. నాన్న నేయించే చీరల్లో సగం ఆయనకే వెళ్తాయి. ఆదివారం వస్తాడు, చీరలు చూస్తాడు, కాఫీ తాగుతాడు, నా మార్కులు అడుగుతాడు. పెద్దన్న ఫ్లెక్సీలో కింద వరసలో ఉంటాడు, కూలింగ్ గ్లాసులతో.

ఇవాళ మార్కులు అడగలేదు. నేను కాఫీ పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. తలుపు వెనక నిలబడ్డాను.

"శంకరం, ఇది చూశావా?"

ఫోను చూపిస్తున్నట్టున్నాడు.

"పెద్దన్న కుర్రాళ్ళ గ్రూపులో పెట్టారు. ఎవడో కనుక్కోమన్నారు. కేసు పెడతారంట. కేసు దాకా ఎందుకు, దొరికితే ముందు వీళ్ళే వాయిస్తారు."

"మంచిది. కనుక్కోమనండి."

"నాటకాలాడకు. కింద అంచు చూడు."

"చూశాను."

"చూశావు కదా. అది పాండురంగయ్య పిట్ట కదటయ్యా! మీ నాన్న పిట్ట. నేను కొట్టు పెట్టిన కాణ్ణించీ అమ్ముతున్నా, నాకు తెలీదా? ఆ కుర్రాళ్ళకి చీరలు తెలీవు కాబట్టి బతికిపోయావు. మన బజార్లో ఎవడో ఒకడు నోరు జారతాడు. అప్పుడు నేరుగా మీ ఇంటికొస్తారు. ఎవరేశారు శంకరం?"

నా చేతిలో పంచదార డబ్బా ఉంది. చప్పుడు కాకుండా కింద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో.

"ఆ పిట్ట ఇప్పుడు మా ఒక్కళ్ళదే కాదండీ," అన్నాడు నాన్న. "పవర్‌లూమ్ వాళ్ళు ఎప్పుడో ఎత్తుకుపోయారు. ఎవడుపడితే వాడు వేసుకుంటున్నాడు."

"ఎత్తుకుపోయారా? ఏదీ, బజార్లో ఒక్క చీర చూపించు!"

వీధిలో టమాటాల బండి వెళ్తోంది.

"నేను ఆ డిజైన్ ఇమ్మని నిన్ను ఎన్నేళ్ళుగా బతిమాలాను? పవర్‌లూమ్ మీద వేస్తే పండగల్లో ఎగబడి కొంటారంటే మా నాన్న చంపుతాడన్నావు. ఇప్పుడు ఎత్తుకుపోయారంటావు."

"దసరాకి చూద్దురుగాని. ప్రతి కొట్లోనూ ఉంటుంది."

అంకుల్ కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"అంటే..."

"మీరే అన్నారు కదండీ, ఎగబడి కొంటారని."

"మన మగ్గాల చిల్లుల అట్టలు కుదరవయ్యా వాళ్ళకి. వాళ్ళవి కంప్యూటర్ మగ్గాలు. ఫైలు కావాలి."

"ఫైలే ఇస్తా."

"మరి చీర ముందా, బొమ్మ ముందా అని అడిగితే?"

"ఎప్పట్నుంచో బజార్లో ఉందని మీరు చెప్తారు. మీరు చెప్తే నమ్ముతారు. ఫ్లెక్సీలో ఉన్నారుగా."

అంకుల్ నవ్వాడు. "నీ నోట్లోంచి ఇలాంటి మాటలొస్తాయనుకోలేదు శంకరం," అన్నాడు. వెళ్ళేటప్పుడు వంటింటి వైపు చూసి, "బాగా చదువుకోమ్మా," అన్నాడు. ఎప్పుడూ అనేదే. ఇవాళ నేను తలుపు వెనకనించి బయటికి రాలేదు.

జూలై 28

ఎంత తెలివితక్కువదాన్ని.

పేరు దాచాను. ఊరు దాచాను. ఫొటోలోంచి లొకేషన్ తీసేశాను. నెదర్లాండ్స్ వెళ్ళాను. అన్నీ చేసి, కింద అంచులో మా తాత పిట్టని వేశాను. ఆధార్ కార్డు అంటించినట్టు.

ఎందుకు వేశానంటే, అంచు అంటే నాకు పిట్టే. పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లో అంచు అలాగే ఉంటుంది. చీర గీస్తే చివర చెయ్యి దానంతటదే వెనక్కి తల తిప్పిన హంసని వేసేస్తుంది. అది డిజైన్ అని, దానికొక మనిషి ఉన్నాడని తట్టనే లేదు.

తాతయ్య కథ ఎన్నిసార్లు చెప్పాడో. వయసులో ఉన్నప్పుడు సన్నంచు మీద హంస వేయమని ఎవరో అడిగారట. మెడ పట్టలేదట. "పట్టకపోతే ఏం చేస్తాం, వెనక్కి తిప్పా," అంటాడు. అందరూ ముందుకి చూసే హంసలు వేస్తుంటే ఈయనది వెనక్కి చూసేసరికి బజార్లో పాండురంగయ్య పిట్ట అని పేరు పడిపోయింది. పవర్‌లూమ్ వాళ్ళు ఎంత అడిగినా ఇవ్వలేదు. మగ్గం మీద పుట్టింది మగ్గం మీదే ఉండాలంటాడు. మా ఊళ్ళో ఇంకెవరూ కూడా వేయరు. అడగకుండా ఎవరి పిట్ట వాళ్ళదే.

జూలై 30

అకౌంటు తీసేద్దామనుకున్నాను. బటన్ మీద వేలు పెట్టాను. ఇప్పుడు తీసేస్తే భయపడ్డానని తెలిసిపోతుంది కదా. అందుకే తీయలేదు. బొమ్మ మీద ప్రేమతో కాదు.

ఆగస్టు 2, శనివారం

నాన్న మధ్యాహ్నం నా గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. చేతిలో గళ్ళ కాగితం చుట్ట. పాతది, అంచులు పసుపు పచ్చబడ్డాయి. మంచం మీద పరిచి నాలుగు మూలలా నా పుస్తకాలు పెట్టాడు. తాతయ్య గీసిన పిట్ట.

"ఇది కంప్యూటర్లోకి ఎక్కించాలి. గడికి గడి. నీకు వచ్చుగా."

"నాకా?"

"ఆ చుక్కలు పెట్టడం నీకు వచ్చుగా."

లాప్‌టాప్ తెరిచాను. నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వేలితో వరస చూపిస్తున్నాడు, నేను నింపుతున్నాను. తోక. రెక్క. పొట్ట. మెడ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. తల ముందుకి తిప్పేస్తే? ఒక్క ఐదారు గడులు మారిస్తే ఇది మామూలు హంస అయిపోతుంది. బజారంతా ఏ హంస ఉంటే ఎవరికి నష్టం? తాతయ్యది తాతయ్యకే ఉంటుంది.

"మార్చకు," అన్నాడు నాన్న. నేనేమీ అనకుండానే.

"నాన్నా, తాతయ్యకి..."

"మార్చితే పనికిరాదు. ఉన్నదున్నట్టు దిగాలి."

దించాను. నా చేత్తో. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ వేయలేదు.

పూర్తయ్యాక నాన్న స్క్రీన్ దగ్గరగా వంగి చూశాడు. "మెడ బాగా వేస్తావు నువ్వు," అన్నాడు. "వంపు నాకు కూడా అలా రాదు." కాగితం చుట్టేసుకుని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 3

నాన్నకి తెలీదు.

ఆగస్టు 4

తెలిసుంటే అడిగేవాడు కదా. తిట్టేవాడు కదా. కాబట్టి తెలీదు.

ఆగస్టు 19, మంగళవారం

ఆస్పత్రి మలుపు దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీ పోయింది. అక్కడే వినాయకచవితి శుభాకాంక్షల ఫ్లెక్సీ వచ్చింది. అదే నవ్వు. ఎర్ర బాణం ఇంకా వెనకాలే ఉంది.

దీన్ని కూడా గీయొచ్చు. గీయలేదు. ఫోను తీసి పెట్టేశాను. ఒక గడి కూడా పెట్టలేకపోతున్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

ఇంగ్లీషు లెక్చరర్ అమలమ్మ మేడమ్ కొత్త చీర కట్టుకొచ్చింది. ఆకుపచ్చ, మెరిసిపోతున్న పాలిస్టర్. అంచు నిండా పాండురంగయ్య పిట్ట.

"ఒసే, ఆ బాతే!" అని నాగలక్ష్మి నా పక్కలో పొడిచింది. "పెద్దన్న బొమ్మలో బాతు! ఇదేంటే, ఎక్కడ చూసినా ఇదే. మొన్న మా అమ్మ కూడా తెచ్చింది, పటమటలో."

మేడమ్ బోర్డు మీద రాస్తున్నప్పుడల్లా పిట్టలన్నీ కదులుతున్నాయి. ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నట్టుంది.

సాయంత్రం సుబ్బారావు అంకుల్ స్వీట్లు తెచ్చాడు. "అయిపోయిందయ్యా శంకరం. మొన్న ఎవడో కుర్రాడు బజార్లో ఫోను పట్టుకుని తిరిగాడు, ఈ అంచు ఎవరిదని. ప్రతి కొట్టువాడూ నాలుగు చీరలు తీసి ముందు పడేశాడు. ఎవరిదని చెప్తారు? వాడు తిట్టుకుంటూ పోయాడు. ఇప్పుడు గ్రూపులో కూడా ఆ మాటే లేదు. ఇంకెవరి మీదో పడ్డారు."

అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. అంటే అమ్మకీ తెలుసా? నేను బాత్రూములో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

నాన్న స్వీటు ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

తాతయ్య వచ్చాడు. చెప్పకుండా, ఉయ్యూరు బస్సెక్కి ఒక్కడే. చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి పాలిస్టర్ చీర తీసి నాన్న కాళ్ళ ముందు పడేశాడు.

"ఏంట్రా ఇది?"

నాన్న లేచి నిలబడ్డాడు.

"సంతలో నాంచారమ్మ కొనుక్కుంది. చేపలు అమ్ముకునే మనిషి! మీ పిట్ట చీర కట్టుకున్నా చూడు పాండురంగయ్యా అని సంబరంగా చూపించింది. దాని తప్పేముంది? ఎవరిచ్చారు వీళ్ళకి? దొంగిలించారనుకున్నా. చూస్తే గడి కూడా పోలేదు. ఇంటి కాగితం చూడకుండా ఇలా దించలేరు. నువ్వే ఇచ్చావు."

"ఇచ్చాను నాన్నా."

"ఎంతకి అమ్మావు?"

నాన్న నా వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం నేనెక్కడా చూడలేదు.

"అడుగుతున్నా కదా, ఎంతకి? ఊళ్ళో వెంకటప్పయ్య కొడుకు మగ్గం అమ్మి లారీ ఎక్కాడు. వాడు కూడా వాళ్ళ అంచు అమ్మలేదురా! నీకేం తక్కువైంది?"

"మావయ్యగారూ, కూర్చోండి, మంచినీళ్ళు..." అంది అమ్మ.

"వద్దమ్మా. మీ నీళ్ళు కూడా ఆ డబ్బుతో కొన్నవే అయ్యుంటాయి."

వెళ్ళిపోయాడు. నాన్న వెనకాలే బస్టాండు దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి, "ఎక్కాడు. నాతో మాట్లాడలేదు," అన్నాడు అమ్మతో. చీర మడతపెట్టి బీరువా మీద పెట్టాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఒక్క మాట. ఒక్క మాట అంటే సరిపోయేది.

సెప్టెంబర్ 18

తాతయ్య నాన్న ఫోను ఎత్తట్లేదు. నాయనమ్మ ఎత్తి "పడుకున్నారు" అంటోంది. పొద్దున తొమ్మిదింటికి పడుకోవడమేంటి.

సెప్టెంబర్ 21

మగ్గం మీద పిట్ట దిగే అట్టలన్నీ దించేశాడట. సాదా అంచు నేస్తున్నాడట. సాదా అంచు చీర కొనేవాళ్ళు ఎవరున్నారని నాయనమ్మ ఏడుస్తోంది.

చెప్పాలి. చెప్తే తాతయ్య నాలుగు వీధుల్లో చెప్తాడు. ఊళ్ళో తెలిస్తే బజార్లో తెలుస్తుంది. బజార్లో తెలిస్తే... అంత కష్టపడి నాన్న చేసిందంతా వృథా. కాబట్టి చెప్పకపోవడమే నాన్నకి మేలు. ఇది నా భయం కాదు. బాగా ఆలోచించే అంటున్నాను.

సెప్టెంబర్ 22

నా భయమే.

సెప్టెంబర్ 28, ఆదివారం

దసరా సెలవులు. నాయనమ్మకి ఒంట్లో బాలేదని అమ్మ నన్నొక్కదాన్నే ఊరికి పంపింది. నాన్న బస్సు ఎక్కిస్తూ ఏదో చెప్పబోయి, "కిటికీ పక్కన కూర్చో," అన్నాడు.

మధ్యాహ్నం తాతయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. నేయట్లేదు. పడుగు తెల్లగా, అంచు తెల్లగా.

"మీ నాన్న పంపించాడా?"

"అమ్మ పంపింది."

"ఊఁ."

"తాతయ్యా, నాన్న ఆ పిట్టని డబ్బుకి ఇవ్వలేదు."

"మరి పుణ్యానికిచ్చాడా?"

ఏమని చెప్తాను? నీలిగడి అంటే ఏం చెప్తాను, లీగల్ రిక్వెస్ట్ అంటే ఏం చెప్తాను? ఫోను తీశాను. అక్కడ సిగ్నల్ సరిగ్గా రాదు. నెదర్లాండ్స్ వెళ్ళడానికి చాలాసేపు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ, రాకపోతే బావుండు, రాకపోతే ఇంటికి వెళ్ళిపోతా అనుకున్నాను. వచ్చింది. ఫోను తాతయ్య చేతిలో పెట్టాను.

దూరంగా పట్టుకుని చూశాడు. "ఏంటిది, చీరా?"

"చీరే. పైన కొంగు."

"ఈ పళ్ళికిలించేది ఎవడూ... ఓర్నీ! మీ పేటలో లీడరు కదూ?"

"అవును."

"ఇవేంటి, పిందెలా? పిందెలకి మీసాలేంటే!" ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. "ఇదిగో, ఈ నల్లద్దాల పిందె... ఇది సుబ్బారావు కదూ?"

"సుబ్బారావు అంకులే."

తాతయ్య నవ్వు దగ్గులోకి దిగి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. "ఒసే భద్రం! ఇటు రావే! సుబ్బారావుని చూద్దువుగాని, మామిడిపిందై వేలాడుతున్నాడు!"

"నాకు ఒంట్లో బాలేదంటే మీకు నవ్వులా?" అని లోపల్నుంచి నాయనమ్మ అరిచింది.

ఇన్ని నెలల్లో ఆ బొమ్మ చూసి ఇలా నవ్విన మొదటి మనిషి. ఆయనకి ఎవరెవరో చెప్పక్కర్లేదు, ఏదేంటో చెప్పక్కర్లేదు. నాకు కూడా నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"ఈ ఎర్ర చుక్కేంటి, వెనకాల?"

చెప్పాను. సంపూర్ణమ్మగారు, ఆటో, మలుపు, బాణం. తాతయ్య నవ్వడం మానేశాడు. ఆటోల మీద వేలు ఒక్కొక్కటిగా పోనిచ్చాడు. వేలు కిందికి జారి అంచు మీద తగిలింది. బొమ్మ పెద్దదై ఫోను నిండా పిట్ట వచ్చేసింది.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"నువ్వేశావా ఇది?"

"నేనే తాతయ్యా. నేనే వేశాను. అలవాటులో వేసేశాను. ఎవరేశారో పెద్దన్న మనుషులు కనుక్కుంటున్నారని సుబ్బారావు అంకుల్ వచ్చి చెప్పాడు. అప్పుడు నాన్న... అందరి చీరల మీదా ఉంటే ఎవరిదో తెలీదని... ఫైలు కూడా నేనే చేశాను."

"దొరికితే ఏం చేస్తారు నిన్ను?"

"తెలీదు."

"ఆ రోజు నేను అన్ని మాటలంటే మీ నాన్న నోరెత్తలేదే."

తాతయ్య ఫోను చూస్తూనే ఉన్నాడు. స్క్రీన్ ఆరిపోతే, ఎలా వెలిగించాలో తెలీక నాకిచ్చాడు.

"వాడికి కలుపు."

కలిపి, స్పీకర్ పెట్టి, మధ్యలో పట్టుకుని నిలబడ్డాను. మొదటి రింగుకే ఎత్తాడు నాన్న. "ఏమ్మా, చేరావా? ఏమైంది?"

"నేనురా," అన్నాడు తాతయ్య.

అవతల కంచం చప్పుడు ఆగిపోయింది. కట్ అయిందనుకున్నాను.

"తిన్నావా?"

"...తింటున్నా నాన్నా."

"ఏం కూర?"

"దొండకాయ."

"ఊఁ," అన్నాడు తాతయ్య. ఫోను పెట్టెయ్యమనలేదు. నాన్న కూడా ఫోను పెట్టలేదు. "పిల్ల నా దగ్గరే ఉంది. కంగారుపడకు. తిను."